‘మందు నీళ్లు వద్దండి’: ఒక దవడ పన్ను కేసు

ఈ పన్ను చివరికి నిలబడింది. కానీ రెండు మూడు సిట్టింగుల్లో తేలాల్సిన రూట్ కెనాల్ పని ఐదు సిట్టింగులు పట్టింది. ఆ అదనపు సిట్టింగులు నా ఖాతాలోవే. అందుకే రాస్తున్నాను. పేషెంటు అనుమతి తీసుకున్నాను. ఆవిడ వయసు, కుటుంబ వివరాలు కొంచెం మార్చాను, ఊరు పేరు ఎలాగూ చెప్పను.

నేపథ్యం

నలభై దాటిన గృహిణి. కోనసీమలో ఒక లంక ఊరు. పంటు దాటి, ఆటో ఎక్కి, మళ్లీ బస్సు పట్టుకుంటే గానీ నా క్లినిక్ రాదు. షుగర్ లేదు, బీపీ లేదు, పడని మందులేవీ లేవు.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. నాలుగేళ్ల క్రితం వేరే చోట ఎడమ పైదవడలో ఒక చిన్న దవడ పన్నుకి రూట్ కెనాల్ మొదలుపెట్టారు. పంటి వేరు లోపలి కాలువ కడుగుతుండగా, ఆవిడ మాటల్లో, ‘కంట్లో కారం కొట్టినట్టు’ అయింది. పది నిమిషాల్లో బుగ్గ పొంగింది, సాయంత్రానికి కన్ను మూసుకుపోయింది, మూడో రోజుకి నలుపు మెడ దాకా దిగింది. తగ్గడానికి మూడు వారాలు పట్టింది. ఆ పన్ను సగంలోనే ఆగిపోయింది. అప్పట్లో పెట్టిన తాత్కాలిక సిమెంటు ఎప్పుడో ఊడిపోయింది.

ఇది విన్న ఏ డెంటిస్టుకైనా విషయం అర్థమవుతుంది. కాలువల్ని కడగడానికి మేం వాడేది సోడియం హైపోక్లోరైట్. అది వేరు కొన దాటి ఎముకలోకి, కండలోకి వెళితే జరిగేది సరిగ్గా ఇదే. అరుదే గానీ, జరిగిన మనిషి జన్మలో మరిచిపోడు. సూది కాలువలో బిగుసుకుపోయినప్పుడు గట్టిగా నొక్కితే ద్రవానికి వెనక్కి వచ్చే దారి ఉండదు, ముందుకే పోతుంది. పైదవడ పళ్లకి బుగ్గ వైపు ఎముక పలచగా ఉంటుంది కాబట్టి అక్కడ ఈ ప్రమాదం ఎక్కువ.

ఆవిడకి ఈ పేర్లేవీ తెలియవు. ‘మందు నీళ్లు’ అంటారు. ‘బ్లీచింగు వాసన’ గుర్తుంది. ఆ వాసన తగిలితే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుందట.

వచ్చిన బాధ

ఈసారి కింద కుడి వైపు మొదటి దవడ పన్ను. ఆరు వారాల కథ. మొదట చల్లనీళ్లు తగిలితే జివ్వుమనేది. తర్వాత రాత్రిళ్లు పోటు. ఆ ఆరు వారాల్లో చేసినవి వరసగా చెప్పించుకున్నాను. ఇది నేను ఎవరినీ వదలకుండా అడిగే ప్రశ్న, అది కూడా తిట్టే గొంతుతో కాకుండా. తిడతామని తెలిస్తే సగం దాచేస్తారు.

ఉప్పూ పసుపూ కలిపి రుద్దారు. జామాకులు కాచి పుక్కిలించారు. ఈ రెండింటితో నష్టం లేదు, చిగురుకి కొంచెం హాయి కూడా. తర్వాత లవంగ నూనె దూదితో పెట్టారు, పూటకోసారి. అది పనిచేసింది. పనిచేస్తుంది కూడా: లవంగంలోని యూజినాల్ తక్కువ మోతాదులో నరం సలుపుని తగ్గిస్తుంది. పోటు ఎక్కువయ్యాక ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఐదు రోజులు యాంటీబయాటిక్ వాడారు. నాలుగు రోజులు బాగుండి మళ్లీ మొదలైంది. పంటి లోపలి గుజ్జు చచ్చిపోతే దానికి రక్తం అందదు. రక్తం వెళ్లని చోటికి మాత్ర కూడా వెళ్లదు.

చివరికి పక్కింటావిడ జిల్లేడు పాలు చెప్పింది. పుప్పి పంట్లో రెండు చుక్కలు వేస్తే నొప్పి పోతుందనీ, పన్ను దానంతటదే ముక్కలై రాలిపోతుందనీ మా వైపు చాలామంది నమ్ముతారు. మూడు రోజులు వేశారు. నొప్పి పోయింది! పదిహేను రోజులు హాయిగా ఉన్నారు. ఆ తర్వాత అన్నం నమిలితే పన్ను పైకి లేచినట్టు నొప్పి.

ఆ పదిహేను రోజులూ ఎందుకు హాయిగా ఉన్నాయి? అప్పటికే కొన ఊపిరితో ఉన్న నరం పూర్తిగా చచ్చిపోయింది. చచ్చిన నరం నొప్పి పుట్టించదు. జిల్లేడు పాలు వేసినా వేయకపోయినా ఆ వారం జరగాల్సింది అదే అయి ఉండొచ్చు; పేరు మాత్రం జిల్లేడుకి వచ్చింది. ఈ ఒక్క కారణంతో పంటి నొప్పికి ప్రతి ఊళ్లోనూ ఒక అద్భుతమైన మందు ఉంటుంది.

నోరు తెరిపించి చూస్తే ఆ పన్ను బయటి వైపు చిగురు మీద, ఎదురుగా బుగ్గ లోపల, రూపాయి బిళ్ల కంటే కొంచెం చిన్నగా తెల్లటి పొర. దూదితో ముట్టుకుంటే మీగడలా లేచి వచ్చింది, కింద ఎర్రటి పచ్చి పుండు. జిల్లేడు పాలలో మాంసకృత్తుల్ని కరిగించే ఎంజైములు ఉంటాయి, గుండె మీద పనిచేసే విష పదార్థాలూ ఉంటాయి. పంట్లో వేసిన చుక్క పంట్లోనే ఆగదు, చిగురు మీదికి జారుతుంది. ‘వేసిన చెయ్యి కంటికి తగల్లేదు కదా?’ అని అడిగాను. తగల్లేదు, అదృష్టం. ఆ పాలు కంట్లో పడి నల్లగుడ్డు మసకబారి వచ్చేవాళ్ల గురించి కంటి డాక్టర్లని అడిగితే చెబుతారు.

పరీక్షల్లో పన్ను చల్లదనానికి పలకలేదు. అద్దం పిడితో తట్టితే ఉలిక్కిపడ్డారు. ఎక్స్‌రేలో ముందు వేరు కొన దగ్గర నాలుగు మిల్లీమీటర్ల నల్ల మచ్చ. గుజ్జు చచ్చి, ఇన్ఫెక్షన్ వేరు కొన దాటింది. జ్వరం లేదు, వాపు లేదు.

ఆవిడ షరతు, నా బలహీనత

రూట్ కెనాల్ చేయాలన్నాను. ఆవిడ చేతిసంచీలోంచి ఫోన్ తీసి ఒక వీడియో చూపించారు: వేప, త్రిఫల, కెమికల్ లేని రూట్ కెనాల్. ‘మీరూ లవంగ నూనె వాడతారు కదండీ. అలాంటి చెట్టు మందులతోనే చెయ్యండి. ఆ మందు నీళ్లు మాత్రం వద్దండి.’

ఇది మూఢనమ్మకం అని కొట్టిపారేయడం నాకు తేలికే. కానీ కాదు. మొహం నల్లబడి మూడు వారాలు గడిపిన మనిషి, దానికి కారణమైన ద్రవాన్ని వద్దంటోంది. అనుభవం మీద కట్టిన తర్కం అది.

ఇక నా సంగతి. పీజీలో నా థీసిస్ వేపాకు సారం మీదే. అగర్ ప్లేటు మీద, అంటే ల్యాబ్‌లో క్రిముల్ని పెంచే జెల్లీ పళ్లెం మీద, ఎంటెరోకోకస్ ఫీకాలిస్ క్రిమిని పెంచి, మధ్యలో వేప సారం పెడితే చుట్టూ శుభ్రమైన వలయం వచ్చేది. ఆ వలయాన్ని స్కేలుతో కొలిచి రాసుకున్న రోజులు ఇప్పటికీ బాగుంటాయి. ఇలాంటి పరిశోధనలు చాలానే వచ్చాయి. 2008లో నోని రసం మీద, 2010లో త్రిఫల, గ్రీన్ టీ సారాల మీద వచ్చినవి మా రంగంలో అందరికీ తెలుసు. రెండోదాన్లో త్రిఫల, గ్రీన్ టీ రెండూ క్రిమి పొర మీద బాగానే పనిచేశాయి, 5 శాతం హైపోక్లోరైట్ వాటికంటే ముందుంది. అయితే అవన్నీ ల్యాబ్ ఫలితాలు, పీకిన పళ్ల మీద, ప్లేట్ల మీద. మనిషి నోట్లో పన్ను ఏళ్లపాటు నిలిచిందా అనే ప్రశ్నకి అవి జవాబు కావు. అది నాకు తెలుసు. తెలిసినా, ఆవిడ ఆ మాట అన్నప్పుడు మనసులో ఎక్కడో నా పాత ప్లేటు కదిలింది.

నా ముందు నాలుగు దారులు. ఒకటి, పన్ను తీసేయడం. ఎడమ వైపు పైపన్ను సగంలో ఆగిపోయి ఉంది కాబట్టి ఆవిడ నమిలేదంతా ఈ కుడి వైపే. ఇది పోతే అన్నానికి ఇబ్బంది. రెండు, ‘నా పద్ధతిలో అయితే చేస్తాను, లేకపోతే వేరే చోట చూసుకోండి’ అనడం. అలా అంటే మళ్లీ జిల్లేడు దగ్గరికే వెళతారు. మూడు, వేప లాంటి సారంతో కడగడం. దీన్ని మాత్రం ఒప్పుకోలేకపోయాను. నేను కాచిన కషాయం స్టెరైల్ కాదు; ఈ చెట్టు ఆకులో ఉన్నంత ఘాటు ఆ చెట్టు ఆకులో ఉండదు; త్రిఫల, పసుపు లాంటివి పంటిని రంగు మార్చేస్తాయి; నలక మిగిలితే కాలువలోనే ఉండిపోతుంది. ఎముక అంచు దాకా పంపే ద్రవం కాబట్టి, ‘ఇంట్లో తాగుతాం కదా, ఏమవుతుంది’ అనే మాట చాలదు.

నాలుగోది నేను పట్టుకున్నది: సెలైన్‌తో కడిగి, లోపల కాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టడం. అంటే సున్నమే. ఆవిడకి అలాగే చెప్పాను. ‘తాంబూలంలో వేసుకునే సున్నమేనమ్మా, శుభ్రం చేసి మెత్తగా నూరినది. ఎక్కువైతే నాలుక పొక్కుతుంది చూడండి, ఆ ఘాటే క్రిముల్ని చంపుతుంది.’ ఆవిడ మొహం వెలిగింది. ‘ఆయ్, సున్నం అయితే పర్లేదండి.’

ఇద్దరం సంతోషించాం. అదే పొరపాటు.

ఏం చేశాను, ఏది పనిచేయలేదు

మొదటి సిట్టింగు. పన్ను చుట్టూ నోటికి అడ్డంగా కట్టే రబ్బరు షీటుని రబ్బర్ డ్యామ్ అంటాం; దాన్ని పట్టి ఉంచే క్లాంపు చిగురు పుండు మీద పెడితే చీరుకుపోతుంది. అందుకని క్లాంపుని వెనక పన్నుకి తగిలించి, షీటుని ముందుకి లాగాను. ముందు వేరులో రెండు కాలువలు, వెనక వేరులో ఒకటి దొరికాయి. ఎపెక్స్ లొకేటరుతో పొడవు కొలిచి, ఫైళ్లతో శుభ్రం చేసి, సెలైన్ ధారాళంగా వాడి, సున్నం నింపాను. పైన నాలుగు మిల్లీమీటర్ల మందంలో సిమెంటు. అంత మందం ఎందుకంటే అది ఆగస్టు నెల, గోదావరిని నమ్మడానికి లేదు.

అనుకున్నట్టే అయింది. పది రోజులకి రమ్మన్నాను. ఈలోగా ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 13.75 అడుగులు దాటి రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. కాజ్‌వే మునిగింది. ఆవిడ వచ్చేసరికి పంతొమ్మిది రోజులు. బుగ్గ మీద పుండు ఆనవాలు లేకుండా మానిపోయింది. పన్ను మాత్రం మానలేదు, తట్టితే ఇంకా నొప్పే.

తెరిచాను. వాసన. తడి పీల్చడానికి కాలువలో పెట్టిన పేపర్ పాయింటు, అంటే సన్నటి కాగితపు పుల్ల, తడిగా, కొన గోధుమ రంగులో బయటికొచ్చింది. వరద వల్ల ఆలస్యమైంది, సిమెంటు పక్కనుంచి తడి దిగి ఉంటుంది అనుకున్నాను. ఆ అనుమానానికి ఆధారం లేదు, సిమెంటు చెక్కు చెదరలేదు. కానీ తప్పు గోదావరి మీదికి తోసేయడం నాకు సుఖంగా అనిపించింది. మళ్లీ సెలైన్, ఇంకొంచెం ఎక్కువ. మళ్లీ సున్నం.

మూడో సిట్టింగు వారం తర్వాత. మళ్లీ అదే తడి, అదే రంగు. ఈసారి లూప్స్ (పెద్దది చేసి చూపే కళ్లద్దాలు) పెట్టుకుని నేల మీద, అంటే పంటి గది నేల మీద, నిదానంగా చూశాను. ముందు వేరులోని రెండు కాలువల నోళ్ల మధ్య వెంట్రుకంత గీత. అల్ట్రాసోనిక్ టిప్‌తో అక్కడ సెలైన్‌ని కదిపితే ఆ గీతలోంచి బూజు పట్టిన దారప్పోగుల్లాంటివి రెండు తేలి పైకొచ్చాయి. కుళ్లిన గుజ్జు. ఫైలు ఎప్పటికీ వెళ్లని చోట, రెండు కాలువల్ని కలిపే సన్నటి సందులో, అది హాయిగా కూర్చుంది.

డెల్టాలో పుట్టినవాణ్ణి, ఇది నాకు ముందే తట్టాల్సింది. ఏటా వేసవిలో కాలువలు కట్టేశాక పూడిక తీస్తారు. ప్రొక్లెయిన్ పెద్ద కాలువ నడుమ తవ్వుతుంది. పక్క బోదెల్లో పేరుకున్న గుర్రపుడెక్కని అది తియ్యదు. అక్కడ కుళ్లిన డెక్క మళ్లీ పెద్ద కాలువలోకే వస్తుంది. పంట్లోనూ అంతే. 2001లో పైదవడ పళ్ల మీద మైక్రో సీటీతో చేసిన పరిశోధనలో, ఏ రకం ఫైళ్లు వాడినా కాలువ గోడలో 35 శాతం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ భాగం, ఫైలు తగలకుండానే ఉండిపోయిందని తేలింది. ఆ మిగిలిన చోటుని శుభ్రం చేయాల్సింది ద్రవమే.

ఇక్కడే నా పాత ప్లేటు నన్ను మోసం చేసింది. అగర్ మీద వలయం ‘క్రిమి చచ్చిందా’ అనే ఒక్క ప్రశ్నకే జవాబిస్తుంది. పంటి లోపల ఇంకో పని ఉంది: చచ్చిన గుజ్జుని కరిగించాలి. అది మిగిలితే, ఇవాళ క్రిములన్నీ చచ్చినా రేపు వచ్చేవాటికి అన్నం వడ్డించినట్టే. వేప కరిగించదు, సెలైన్ అసలే కరిగించదు. సున్నం కొద్దిగా మెత్తబరుస్తుంది, అదీ తనకి తగిలినంత మేరకే. హైపోక్లోరైట్ కరిగిస్తుంది. ఒకటో ప్రపంచ యుద్ధంలో, 1915 ప్రాంతంలో, పలచటి హైపోక్లోరైట్‌తో సైనికుల కుళ్లిన పుండ్లని కడిగారు. మా రంగం దాన్ని అందుకున్నదీ ఆ గుణం కోసమే.

రొయ్య

ఇదంతా నాకు నేను చెప్పుకోవడం తేలిక. ఆవిడకి ఎలా చెప్పాలి? ఆ రోజు ఆవిడ ఒక మందుసీసాలో కాచి వడబోసిన వేప కషాయం తెచ్చారు, ‘దీంతో కడగండి’ అంటూ. అది చూశాక ఆలోచన వచ్చింది. అసిస్టెంట్ అమ్మాయిని మార్కెట్‌కి పంపి ఒక పచ్చి రొయ్య తెప్పించాను. బియ్యపు గింజంత మూడు ముక్కలు కోసి మూడు గాజు గిన్నెల్లో వేశాను. ఒకదాన్లో సెలైన్, ఒకదాన్లో ఆవిడ కషాయం, ఒకదాన్లో 3 శాతం హైపోక్లోరైట్.

మూడో గిన్నెలో వెంటనే ముక్క చుట్టూ సన్నటి నురగ మొదలైంది. ఆవిడ కుర్చీలోంచి లేచి వచ్చి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, గిన్నె మీదికి వంగారు. మధ్యలో రెండుసార్లు ద్రవం మార్చాను, ఎందుకంటే అది పనిచేస్తున్నకొద్దీ దాని బలం తగ్గిపోతుంది. అరగంటకి ఆ ముక్క దారమంత అయింది. కషాయంలోది పచ్చ తిరిగింది గానీ, పుల్లతో పొడిస్తే గట్టిగా అలాగే ఉంది. సెలైన్‌లోది వేసినది వేసినట్టే.

గెలిచాననుకున్నాను. ఆవిడ తలెత్తి, ‘రొయ్యనే తినేస్తుంటే మరి నా మొహాన్ని తినదాండీ?’ అన్నారు.

ఆ ప్రశ్నకి నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. ఆవిడ అన్నది అక్షరాలా నిజం. దాని మేలూ కీడూ ఒకే గుణంలోంచి వస్తున్నాయి. చచ్చిన గుజ్జు, బతికిన కండ అనే తేడా దానికి తెలియదు. అంటే ఇప్పుడు మాట్లాడాల్సింది ఆ మందు మంచిదా చెడ్డదా అని కాదు, దాన్ని పంట్లోనే ఎలా ఉంచుతాను అని. ఆవిడ భయానికి సూటిగా తగిలే విషయం అదొక్కటే. మొదటి రోజే అక్కడ మొదలుపెట్టాల్సింది.

సూది తీసి చూపించాను. కొన మూసి ఉంటుంది, రంధ్రం పక్కకి ఉంటుంది. నీళ్లు నింపి నొక్కితే ధార పక్కకే చిమ్మింది. తర్వాత సూది మీద ఎర్ర రబ్బరు బిళ్ల చూపించి, ‘మీ వేరు పొడవు మిషన్‌తో కొలిచాను. ఈ బిళ్ల దానికి మూడు మిల్లీమీటర్లు ముందే ఆగుతుంది’ అన్నాను. బొటనవేలితో కాకుండా చూపుడువేలితో నొక్కి చూపించాను. బొటనవేలికి బలం ఎక్కువ, తెలియకుండానే ఒత్తిడి పెరిగిపోతుంది. చివరగా ఒక ఒప్పందం: ఇదే సూదితో, ఇదే లోతులో ముందు సెలైన్ పంపుతాను, ఏమాత్రం ఒత్తినట్టు అనిపించినా ఎడమ చెయ్యి ఎత్తండి, అక్కడితో ఆపేస్తాను, మందు నీళ్ల ఊసే ఎత్తను.

ఇంకో మాట కూడా పనిచేసింది, దాన్ని ముందుగా అనుకోలేదు. వాసన గురించి భయపడుతుంటే, ‘మొన్న వరద తీశాక మీ బావిలో పంచాయతీ వాళ్లు ఏం వేశారమ్మా?’ అని అడిగాను. ‘బ్లీచింగు.’ ‘ఇదీ ఆ జాతిదే.’ కాసేపు ఏమీ అనలేదు. ‘ఇంటికెళ్లి ఆలోచించుకుంటానండి’ అన్నారు. ఒత్తిడి చేయలేదు. సున్నం మార్చి పంపించాను.

పనిచేసింది

నాలుగో సిట్టింగుకి ఆవిడే అనుమతి కాగితం మీద సంతకం పెట్టడానికి పెన్ను అడిగారు. ముందు సెలైన్ పంపాను, చెయ్యి లేవలేదు. తర్వాత 3 శాతం హైపోక్లోరైట్, కొద్దికొద్దిగా, సూదిని ఒకచోట ఆపకుండా పైకీ కిందికీ కదుపుతూ. 5 శాతం తీసుకోకపోవడానికి కారణం ఆవిడ చరిత్రే. బలం తగ్గించిన మేరకి సమయం, పరిమాణం పెంచాను. అల్ట్రాసోనిక్‌తో ఆ సన్నటి గీతలో ద్రవాన్ని కదిపాను. మొదట మురికి నురగ, పావుగంటకి తేట నురగ. చివర్లో ఈడీటీఏ అనే ద్రవంతో గోడల మీద ఫైళ్లు మిగిల్చిన పొట్టు తీసి, సెలైన్‌తో కడిగి, మళ్లీ సున్నం. రబ్బర్ డ్యామ్ ఉంది కాబట్టి చుక్క కూడా నోట్లో పడలేదు. లేచి కూర్చున్నాక ఆవిడ మొదట చేసిన పని అద్దంలో బుగ్గ చూసుకోవడం.

ఐదో సిట్టింగులో పేపర్ పాయింట్లు పొడిగా, తెల్లగా వచ్చాయి. తట్టితే నొప్పి లేదు. నింపేశాను.

నింపేది గట్టాపర్చా అని చెబుతూ, అది మలయా వైపు పెరిగే ఒక చెట్టు పాలని గడ్డకట్టించి చేస్తారన్నాను. ‘జిల్లేడు పాలలాగాండీ?’ అని నవ్వారు. మా పెట్టెలో 19వ శతాబ్దం నుంచీ ఉన్న చెట్టు సరుకు అది. అయితే నేను వాడే పుల్లలో చెట్టు వంతు దాదాపు ఐదో వంతే, మిగతాదాన్లో ఎక్కువ జింక్ ఆక్సైడ్. ఇంకో విచిత్రం: ఆవిడ అంతగా నమ్మిన లవంగాన్ని ఇక్కడ నేనే పక్కన పెట్టాను. గట్టాపర్చాని కాలువ గోడకి అంటించే సీలర్‌లో యూజినాల్ ఉన్నది మంచిదే, కానీ పైన కాంపోజిట్‌తో (పంటి రంగు ఫిల్లింగుతో) కట్టాలనుకున్నాను, యూజినాల్ మిగిలితే కాంపోజిట్ సరిగా గట్టిపడదు. యూజినాల్ లేని సీలర్ తీసుకున్నాను. పదిహేను రోజులకి క్యాప్ వేశాను.

ఆరు నెలల ఎక్స్‌రేలో మచ్చ సగానికి తగ్గింది. ఏడాదికి వెతికితే గానీ కనిపించలేదు.

దీని తర్వాత మార్చుకున్నవి

సహజ మందులంటే నాకు విముఖత పెరగలేదు. ఏ పనికి అనే ప్రశ్న మాత్రం ముందుకొచ్చింది. పాత రూట్ కెనాల్ తిరగదోడేటప్పుడు గట్టాపర్చాని మెత్తబరచడానికి నీలగిరి తైలం, నారింజ నూనె వాడతాను. క్లోరోఫామ్ కంటే నిదానం, కానీ పని జరుగుతుంది. రొయ్య పొట్టు నుంచి తీసే కైటోసాన్, కాలువ గోడల మీది పొట్టు తీయడంలో ఈడీటీఏకి పోటీ ఇవ్వగలదని ల్యాబ్ పరిశోధనలు ఉన్నాయి. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్ల వెనక గుట్టలుగా పడే పొట్టు చూసినప్పుడల్లా నాకు అది గుర్తొస్తుంది. ఊడిపడ్డ పన్నుని డాక్టరు దగ్గరికి తెచ్చేదాకా ఉంచడానికి కొబ్బరినీళ్లు పనికొస్తాయా అని కూడా చూశారు. కొన్ని ప్రయోగాల్లో బాగా వచ్చింది, కొన్నింటిలో పాల కంటే వెనకబడింది; కొబ్బరినీళ్లలోని పులుపు గుణం కణాలకి అంత పడదు. అందుకే కోనసీమలో ఉంటూ కూడా నేను పాలే చెబుతాను.

మార్చుకున్నది ముఖ్యంగా మొదటి రోజు అడిగే తీరు. ‘రూట్ కెనాల్ అంటే భయమా?’ అని అడిగితే అందరూ అవుననే అంటారు. ఇప్పుడు ‘ఇంతకుముందు పంటి పనిలో ఎప్పుడైనా మొహం వాచిందా?’ అని అడుగుతున్నాను. అవునంటే ఆ రోజు డ్రిల్లు ముట్టను, సూది, రబ్బరు బిళ్ల చూపించి పంపుతాను. తడి తగ్గని కాలువని రెండోసారి చూస్తే, సీలునో వరదనో అనుమానించే ముందు నేను వాడిన ద్రవాన్ని అనుమానిస్తున్నాను. పేషెంటుని ఒప్పించడానికి ‘సున్నమేనమ్మా’ లాంటి మాట దొరికినప్పుడు కొంచెం జాగ్రత్త పడుతున్నాను. అది అబద్ధం కాదు. కానీ ఆ మాట ఆవిడకి ఎంత ధైర్యం ఇచ్చిందో నాకూ అంతే ఇచ్చింది, నాకు ఇవ్వకుండా ఉండాల్సింది.

పైదవడలో సగం ఆగిన పన్ను ఇంకా అలాగే ఉంది. ఏడాది చెకప్‌కి వచ్చినప్పుడు ఆవిడే దాని సంగతి ఎత్తారు. రాజమండ్రి పంపి సీబీసీటీ, అంటే దవడ త్రీడీ స్కాన్, తీయించాను. వేరు కొన దగ్గర బుగ్గ వైపు ఎముక లేదు, చిల్లు. అప్పట్లో ఆ మందు ఎటు పోయిందో ఇప్పుడు తెరమీద కనిపిస్తోంది. ఈ పంట్లో 3 శాతం అనే ధైర్యం నాకు లేదు. 1 శాతంతో, సూదిని సగం వేరులోనే ఆపి, కొన దగ్గర సెలైన్‌తో సరిపెట్టి, సున్నాన్ని ఎక్కువ రోజులు ఉంచాలా? లేక ద్రవాన్ని నెట్టడం కాకుండా కొన నుంచి బయటికి పీల్చే పద్ధతి సరంజామా తెప్పించుకోవాలా? ‘దీనికీ అదే మందాండీ?’ అని అడిగారు. ‘ఇంకా తేల్చుకోలేదమ్మా’ అన్నాను. సంక్రాంతి వెళ్లాక రమ్మన్నాను.